డాక్టరు ఒక్కపొద్దు

మా నాయన ప్రతి నెలా మొదటి ఆదివారం అన్నం ముట్టడు. ఎందుకని అడిగితే, "రేపు సోమారం కదా, డాక్టరు జీతం" అంటాడు. ఆ డాక్టరు మా ఊరు విడిచి రెండేళ్ళయింది. ఆ జీతం గొడవా ఆయనతోనే పోయింది. ఈ సంగతి చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. విన్నప్పుడు బుద్ధిగా తల ఊపుతాడు, మరు నిమిషానికి మరిచిపోతాడు. కన్నకూతురి పేరే మరిచిపోయినవాడికి ఇది గుర్తుంటుందా? నన్ను నర్సమ్మా అని పిలుస్తాడు. పిలవనీ. నర్సునే కదా.

కానీ ఒక్కపొద్దు మాత్రం మరవడు. చక్కెర జబ్బు మాత్ర అంతకన్నా మరవడు. మాత్ర పడి అన్నం పడకపోతే ఏమవుతుందో నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఎందుకంటే ఆ ఒక్కపొద్దును మా నాయనకు అంటగట్టింది నా నోరే.

మేం దూదేకుల వాళ్ళం. నాయన పేరు బుడన్‌సాబ్. భుజాన విల్లు వేసుకుని అటు మడకశిర, ఇటు నల్లమాడ దాకా ఊరూరూ తిరిగి పరుపులు కుట్టినవాడు. పెరట్లో కూర్చుని దూది ఏకుతుంటే విల్లు టుంయ్ టుంయ్‌మని మోగేది. ఎండ పడిన చోటల్లా దూది నలుసులు తేలుతూ ఉండేవి. గాలి లేకపోయినా తేలేవి, ఎంతకీ నేలకు దిగేవి కావు. చిన్నప్పుడు నేను సంగటి ముద్ద ముందు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చునేదాన్నట. అది ఇల్లో కలో నాకు తెలిసేది కాదేమో. నలభై దాటగానే నాయనకు చక్కెర జబ్బు వచ్చింది. కాలి వేలు ఒకటి తీసేశారు. ఊరూరూ తిరగడం ఆగిపోయింది, విల్లు మాత్రం ఆగలేదు.

మా ఊరు పెనుకొండ కొండకు వెనకవైపు. రెండువేల మూడులో ఒక ట్రస్టువాళ్ళు మా ఊళ్ళో చిన్న క్లినిక్ పెట్టారు. హిందూపురంలో నర్సు చదువు చదివి ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను తీసుకున్నారు. నర్సు దొరికింది గానీ డాక్టరు నిలవలేదు. ఒకాయన నెల ఉన్నాడు, ఒకాయన వారం. నాలుగో ఆయన బస్సు దిగి, ఊరిని ఒకసారి చూసి, అదే బస్సెక్కాడు. ఐదో ఆయన లక్ష్మీనారాయణ. ధర్మవరం మనిషి. యాభై దాటిన వయసు, పరమ నిదానం.

ఈయన నిలబడ్డాడు. నిలబడటమేమిటి, కూర్చుండిపోయాడు. ఒక్కొక్కరితో అరగంట మాట్లాడేవాడు. మేకలు కాచుకునే ఉలిగమ్మ మోకాలి నొప్పి చెప్పడానికి వచ్చి, మేకకు ఈత కష్టమైన కథంతా చెప్పినా చెయ్యి గడ్డం కింద పెట్టుకుని వినేవాడు. వరండాలో జనం పేరుకుపోతుంటే నాకు ఒళ్ళు మండేది. "సార్, మేక సంగతి మనకెందుకు" అంటే, "మేక బాగుంటే ఉలిగమ్మకు నిద్రొస్తాది, నిద్రొస్తే బీపీ దిగుతాది. మేకకూ మందు మనమే" అనేవాడు. ఇట్లాంటి మనిషితో ఎవరైనా ఏం మాట్లాడతారు?

క్లినిక్ వెనక గదిలోనే ఆయన కాపురం. మా నాయన ఆయనకు బూరుగు దూదితో పరుపు కుట్టి ఇచ్చాడు. దుడ్లు తీసుకోలేదు. మరుసటి రోజు డాక్టరు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, "బుడన్‌సాబ్, ఏం పరుపు కుట్టినావప్పా. మధ్యాన్నం కన్ను మూసినానో లేదో, పెనుకొండ కొండ మీదుగా తేలిపోతాండా. కింద రైలు పోతాంది, నేను దానికంటే నిమ్మళంగా పోతాండా" అన్నాడు. నాయన నవ్వలేదు. "బూరుగు దూది కదా సామీ, తేలకుండా ఎట్లుంటాది" అన్నాడు. అప్పటినుంచీ ఎప్పుడు కలిసినా, మొన్న యాడిదాకా పోయినావు సామీ అని ఈయన అడగడం, ఆయన కొండో కోటో పేరు చెప్పడం. ఇద్దరు పెద్ద మనుషులు ఆడాల్సిన మాటలేనా అవి? కానీ వింటుంటే నాకు కడుపు చల్లగా ఉండేది. నా చిన్నప్పటి దూది నలుసులు మళ్ళీ కళ్ళ ముందు తేలేవి.

రెండువేల ఐదు ఉగాదికి ట్రస్టు కొత్త పద్ధతి తెచ్చింది. డాక్టరుకు నెలనెలా సగం జీతమే వస్తుంది. తక్కిన సగం రావాలంటే రోగుల నెత్తురు సాక్ష్యం చెప్పాలి. నెలలో మొదటి సోమవారం చక్కెర జబ్బువాళ్ళంతా పరగడుపున క్లినిక్‌కు రావాలి. వేలు గుచ్చి మీటరులో చూడాలి. అంకె బాగుంటే గోడ మీద చార్టులో ఆ పేరు ఎదుట పచ్చచుక్క, లేకపోతే ఎర్రచుక్క. నూటికి డెబ్బై పచ్చచుక్కలుంటేనే తక్కిన సగం జీతం. పని బాగా చేసినవాడికి ఎక్కువ ఇస్తే తప్పేముందని హిందూపురం మీటింగులో ట్రస్టు మేనేజరు అన్నాడు. నాకూ నిజమేననిపించింది. ఇప్పటికీ ఆ మాటలో తప్పు ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపించలేను.

మొదటి నెల యాభై రెండు పేర్లలో పదకొండు పచ్చచుక్కలు. రెండో నెల పన్నెండు. డాక్టరు చార్టు ముందు నిలబడి, "మిరపకాయలు ఎండబోసినట్టుండాది కదమ్మా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన కూతురు అనంతపురంలో ఇంజనీరింగు చదువుతోంది. సగం జీతంతో ఈయన ఎన్నాళ్ళుంటాడు? ఈయనా పోతే ఆరో ఆయన వస్తాడా?

మూడో నెల సోమవారం మా నాయన వేలు గుచ్చాను. రెండువందల అరవై ఎనిమిది. "రాత్రి ఏం తిన్నావు నాయనా?" అన్నాను. "ఎదురింటోళ్ళు ఒబ్బట్లు పెట్టినారు. రెండే" అన్నాడు, పిల్లాడిలా రెండు వేళ్ళు చూపించి. అంతే, నాలో ఏదో తెగిపోయింది. వరండా నిండా జనం ఉన్నారు. అందరికీ వినబడేలాగే అన్నాను.

"తినండప్పా, బాగా తినండి. మీరు ఒబ్బట్లు తింటా ఉండండి, ఆడ ఆయప్ప జీతం కోసేస్తాండారు. మీ ఒంట్లో చక్కెర దిగితేనే ఆయప్పకు నిండు జీతం. దిగకపోతే ఈ డాక్టరూ పోతాడు. అప్పుడు ఆ ఒబ్బట్లకే చూపించుకోండి రోగాలు."

నాయన రెండు వేళ్ళూ మెల్లగా మడుచుకున్నాడు. డాక్టరు లోపల ఎవరి గుండెకో గొట్టం ఆనించి ఉన్నాడు, ఆయనకు వినబడలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరు మంచిదే. అక్కడే వచ్చింది చిక్కు.

తర్వాతి నెల ఇరవై తొమ్మిది పచ్చచుక్కలు పడ్డాయి. ఆ పై నెల నలభై ఒకటి. నేను పచ్చచుక్కలు అంటిస్తుంటే నా చేతులు ఆగలేదు. తిట్టాను కాబట్టే దారికి వచ్చారని గర్వపడ్డాను కూడా. మా నాయనకు నూట పది వచ్చింది. ఆ రోజు ఆయన మొహం పండగలా ఉంది. ఆ నెల డాక్టరుకు నిండు జీతం ఇచ్చారు.

నాకు తెలియనిదేమిటంటే, ఊరంతా ఒక మాట మీద నిలిచింది. మొదలుపెట్టింది ఉలిగమ్మ. "శనివారం ఎంకటరమణసామికి ఒక్కపొద్దుండేదాన్ని, ఆదివారం డాక్టరు కోసం ఉంటే నా సొమ్మేం పోయింది" అందట. పరగడుపున రమ్మన్నది మేమే కదా. ఒక పూట తినకపోతే అంకె దిగుతుందంటే, ముందురోజంతా తినకపోతే ఇంకా దిగుతుందని లెక్క వేసుకున్నారు. కొందరు డాక్టరు ఒక్కపొద్దు అన్నారు, మా వీధిలో, రంజాను రోజాల్లాగా, డాక్టరు రోజా అన్నారు. నర్సుకు చెబితే డాక్టరుకు చెబుతుందని నాకు మాత్రం చెప్పకూడదనుకున్నారు. ఆదివారాలు నేను మందులు తేవడానికి పెనుకొండ పోయేదాన్ని. సాయంత్రం వచ్చి తిన్నావా నాయనా అంటే, తిన్నానమ్మా అనేవాడు. మా అమ్మ కూడా కలిసిపోయింది.

అన్నం మానారు గానీ మాత్ర మానలేదు. "ఏం మానినా మాత్ర మానద్దండప్పా" అని డాక్టరు వెయ్యిసార్లు చెప్పి ఉన్నాడు. ఆయన మాట వాళ్ళు జవదాటలేదు.

ఆ అక్టోబరు మొదటి ఆదివారం డాక్టరుకు హిందూపురంలో సన్మానం. నేనూ వెళ్ళాను. శాలువా కప్పారు, పచ్చ కాగితం మీద రాసిన మెచ్చుకోలు చదివారు. హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే డాక్టరు శాలువాతోనే కునికిపాట్లు పడ్డాడు. నేను మోచేత్తో పొడిచాను. ఆయన కళ్ళు తెరిచి, "ఇప్పుడే మీ నాయన కనిపించినాడు రోషన్‌బీ. దూదిలో నడుస్తాండాడు, మోకాళ్ళ దాకా ఉండాది" అన్నాడు. నేను నవ్వాను. నవ్వాను, అదే నన్ను ఇప్పటికీ కాల్చుకు తింటుంది.

పొద్దు వాలుతుండగా ఇంటికి వచ్చాం. శాలువా నాయనకు చూపించాలని డాక్టరు కూడా నాతో వచ్చాడు. పెరట్లో ఏకిన దూది కుప్ప మీద నాయన పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. జుట్టు నిండా, కనురెప్పల మీద కూడా దూది. పైన నలుసులు తేలుతున్నాయి. "మధ్యాన్నం నుంచి పండుకుని ఉండాడు. నిన్నటి నుంచి ఏం తినలేదు, అలిసిపోయినాడు. లేపద్దు" అని అమ్మ గుసగుసగా అంది. ఎంత హాయిగా నిద్రపోతున్నాడో అనుకున్నాను. చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. చెమటకు దూది ఒంటికి అంటుకుపోయి ఉంది.

మీటరు ఇరవై నాలుగు చూపించింది. డాక్టరు గ్లూకోజు ఎక్కించాడు. పెనుకొండ ఆస్పత్రిలో మూడో రోజు నాయన కళ్ళు తెరిచాడు. ప్రాణం దక్కింది గానీ అన్ని గంటలు చక్కెర అందని మెదడు సగం ఆ దూదిలోనే ఉండిపోయింది. నన్ను చూసి, "నర్సమ్మా, రేపు సోమారమా?" అన్నాడు.

అప్పుడు అమ్మ అంతా చెప్పేసింది. నేను వరండాలో అన్న మాట నేనే చెప్పాను. డాక్టరు తిడతాడేమో, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన కిటికీలోంచి కొండ వైపు చూస్తూ, "నువ్వు కోపంలో అన్నావమ్మా. నేను ముప్పై ఏళ్ళ డాక్టరును. పన్నెండు చుక్కలు మూడు నెలల్లో నలభై ఒకటి ఎట్లయినాయని నాకు అనుమానం రాకుండా ఉంటాదా? వచ్చింది. జీతం కూడా వచ్చింది కదా, దాన్ని లోపలికి రానీలేదు" అన్నాడు.

ఆ గురువారమే ముందుగా చెప్పకుండా అందరినీ పిలిపించి, మళ్ళీ వేళ్ళు గుచ్చాడు. చార్టు మీద మిగిలినవి ఎనిమిది పచ్చచుక్కలు. తక్కినవన్నీ తన గోటితోనే గీకి తీశాడు. ఉన్నది ఉన్నట్టు ట్రస్టుకు రాశాడు. ఇక నుంచి అన్నం తిని వచ్చినవాళ్ళనే చూస్తానని ఊళ్ళో చాటింపు వేయించాడు. సగం జీతంతో ఏడాది ఉన్నాడు. ఆ తర్వాత క్లినిక్కే ఎత్తేశారు. ఆయన ధర్మవరంలో మగ్గాల వీధిలో చిన్న గది తీసుకున్నాడు. పోయేరోజు బస్సు పైన కట్టింది ఒక్క పరుపునే.

నాయన ఒక్కపొద్దు మాత్రం మాకు మిగిలింది. మొదట్లో ఆదివారం వస్తే ఇంట్లో ఏడుపే. తర్వాత నేనొక ఉపాయం కనిపెట్టాను. "నాయనా, డాక్టరుకు జీతం వచ్చేసింది" అంటే, "నిండుగా వచ్చిందా?" అని అడిగి, ఔనంటే తినేవాడు. రెండేళ్ళు అట్లా గడిచింది. ఈ ఆదివారం ఆ ఉపాయం చెల్లలేదు.

"నీకెట్ల తెల్సు?" అన్నాడు. "రేపు కదా సోమారం. ఈ పొద్దే ఎట్లొస్తాది? అబద్ధం చెప్తాండావు నర్సమ్మా."

పొద్దున్నే లేచి, మేం చూసేలోగా మాత్ర మింగేశాడు. డబ్బా దాచిపెట్టినా వెతుక్కుంటాడు. సంగటి పెడితే మొహం తిప్పుకున్నాడు. చక్కెర నీళ్ళు నోటికి పెడితే పళ్ళు బిగించాడు. వేలు గుచ్చాను, తొంభై ఆరు. బతిమాలాను, అరిచాను, నా అలవాటు కొద్దీ తిట్టాను కూడా. ఆయన గోడకు ఆనుకుని, లేని దూదిని వేళ్ళతో పట్టుకుంటూ, వదులుతూ కూర్చున్నాడు. నేను సెల్లు తీసి ధర్మవరానికి ఫోన్ చేశాను. "వస్తాండా" అన్నాడు డాక్టరు. ఇంకేం అడగలేదు.

ఎనభై నాలుగు. డెబ్బై ఎనిమిది. డెబ్బైకి దిగితే పెనుకొండకు తీసుకుపోవాలని ఎదురింటివాళ్ళ జీపు చెప్పి ఉంచాను. పెరట్లో ఎండ తెల్లగా పరుచుకుంది. విల్లు చూరుకు వేలాడుతోంది. ఊరంతా ఆదివారం మధ్యాహ్నపు నిద్రలో ఉంది. ప్యాసింజరు రైలు దిగి, ఆటోలో వచ్చాడు డాక్టరు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. అమ్మ టీ తెస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. కనీసం నీళ్ళు కూడా తాగలేదు. అమ్మ నొచ్చుకుంది.

ఆయన నాయన ఎదుట నేల మీద కూర్చున్నాడు. నాయన కొంచెంసేపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఏమప్పా, యాడోడివి నువ్వు? ఈ నర్సమ్మ నన్ను తినమని చంపుతాండాది. నేను ఒక్కపొద్దులో ఉండా. మా డాక్టరుకు మాత్రం చెప్పద్దు. ఆయప్ప ఒప్పుకోడు."

డాక్టరు తల దించుకున్నాడు. నాకు అక్కడ నిలబడటం చేతకాలేదు, కదలడమూ చేతకాలేదు.

"చెప్పనులేప్పా" అన్నాడు.

నాయన ఆయన మొహాన్ని అట్లాగే చూస్తున్నాడు. పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ దూదిని వేళ్ళ మధ్య నలిపి చూసేవాడే, అట్లా చూశాడు. "నీ పెదాలు ఎండిపోయి ఉండాయి. నువ్వూ ఒక్కపొద్దా?"

డాక్టరు నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "ఔ" అన్నాడు. "మూడేండ్లాయె. నెలనెలా మొదటి ఆదివారం."

మూడేళ్ళు. మా ఊళ్ళో ఏడాది, ధర్మవరంలో రెండేళ్ళు, ఎవరికీ చెప్పకుండా.

"ఎవురి కోసం?" అన్నాడు నాయన.

"ఒక పరుపులు కుట్టే ఆయప్ప కోసం. నా మూలంగా ఆయప్ప కూడు మానేసినాడు. ఆయప్ప తినేదాకా నాకు దిగదు."

నాయన ఆలోచనలో పడ్డాడు. ఆయన ఆలోచిస్తే ఇప్పుడు చాలాసేపు పడుతుంది. పెరట్లో దూది ఏకి ఎన్నాళ్ళయిందో, అయినా ఎక్కడినుంచో ఒక నలుసు వచ్చి గడప దగ్గర ఎండలో తేలింది. ముగ్గురం దాన్నే చూశాం. అది కింద పడలేదు, పైకీ పోలేదు.

"మంచి పరుపేనా?" అన్నాడు నాయన.

"దాని మీదనే పండుకుంటా. ఇప్పటికీ కొండ మీదుగా పోతా ఉంటా."

"బూరుగు దూదైతే పోతావు" అన్నాడు నాయన. "ఆయప్ప తింటే నువ్వు తింటావా?"

"తింటా."

నాయన నా వైపు తిరిగాడు. నన్ను గుర్తుపట్టాడని నేను చెప్పను. ఎవరిని గుర్తుపట్టాడో, ఏం గుర్తుపట్టాడో నాకు తెలీదు. అబద్ధం ఆడి పొద్దున ఒకసారి తిన్నాను దెబ్బ, చాలు.

"నర్సమ్మా, ఆయప్పను ఎందుకు పస్తు పెట్టేది? రెండు పళ్ళేలు తే" అన్నాడు.

సంగటి చల్లారిపోయి ఉంది. అమ్మ ఊరుబిండి పచ్చడి మీద నెయ్యి పోసి తెచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఎవరు ముందు తింటారా అని ఒకరినొకరు చూసుకున్నారు. నాయనే మొదట ముద్ద తుంచాడు.